సిరిని చివరిసారి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి, అది భయపడకుండా ఎలా?

నాగోల్ మూడో అంతస్తు:

అందరికీ నమస్తే. ఇక్కడ రెండేళ్ళ నుంచి చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి, తప్పులుంటే సర్దుకోండి. మా సిరికి పదమూడేళ్ళు, ల్యాబ్రడార్, 31 కిలోలు. (పేరు మా నాన్నమ్మ పెట్టింది, లక్ష్మీదేవి అనుకుని. ఇప్పుడు ఐఫోన్ వాళ్ళెవరైనా ఇంటికొస్తే మేం కుక్కను పిలిచినప్పుడల్లా వాళ్ళ జేబులోంచి ఫోన్‌లో ఉండే సిరి పలుకుతుంది.)

రెండు నెలల కింద పొద్దున్నే నీళ్ళ గిన్నె దగ్గరికి పోతూ పోతూ కూలబడిపోయింది. చిగుళ్ళు తెల్లగా పాలిపోయాయి. స్కాన్ చేస్తే స్ప్లీన్‌లో (ప్లీహంలో) గడ్డ, అది కొంచెం పగిలి కడుపులోకి రక్తం కారిందన్నారు. గుండె కూడా బలంగా లేదు, ఆపరేషన్ బల్ల మీదే పోవచ్చు అన్నారు, వద్దనుకున్నాం. ఆ తర్వాత మంచి రోజులు కొన్ని వచ్చాయి, కాదనను. కానీ ఈ సోమవారం మళ్ళీ అదే జరిగింది, ఈసారి తేరుకోవడానికి సగం రోజు పట్టింది. వెనక కాళ్ళకు ముందే కీళ్ళనొప్పులు, ఇప్పుడు మేం పట్టుకోకపోతే నిలబడలేదు. పెరుగన్నం పెడితే వాసన చూసి తల తిప్పేస్తోంది. "ఇంకోసారి పెద్దగా పగిలితే ఏ అర్ధరాత్రో అవుతుంది, అప్పుడు మీకు ఎవరూ దొరకరు, అంతదాకా ఆగొద్దు" అన్నారు మా డాక్టర్ గారు. ఇంట్లో అందరం ఏడ్చి, పోట్లాడుకుని, చివరికి శుక్రవారం సూది వేయించి నొప్పి లేకుండా పంపేద్దాం అనుకున్నాం.

కాబట్టి చేయాలా వద్దా అని అడగడం లేదు. నా టెన్షన్ అంతా దారి గురించి. క్లినిక్ హబ్సిగూడ వైపు, ఉప్పల్ రింగు రోడ్డు దాటాలి. ఆ వీధిలోకి తిరగ్గానే సిరికి తెలిసిపోతుంది, వణుకు మొదలు, చొంగ కారుస్తూ సీటు కిందికి దూరిపోతుంది. లోపలికెళ్తే టైల్స్ మీద కాళ్ళు జారిపోతాయి, స్టీలు బల్ల ఎక్కిస్తే కళ్ళు పెద్దవి చేసి నా వైపే చూస్తుంది. పదమూడేళ్ళు మాతో ఉన్నదానికి చివరి గంట అలా గడవకూడదు, అంతే నేను కోరుకునేది. డాక్టర్ గారు ఇంటికి రాలేనన్నారు, క్లినిక్‌లో ఆయన ఒక్కరే. ఇంటి కింద చవితి మండపం, మైకు, లిఫ్ట్‌లో ముగ్గురు నిలబడితే నాలుగోవాళ్ళకు చోటుండదు. ముందుగా ఏమైనా మాత్ర ఇవ్వొచ్చా? మేం పక్కనే ఉండాలా, ఉంటే దానికి ఇంకా గాబరా అవుతుందా? ఎనిమిదేళ్ళ పాపకు ఏం చెప్పాలి? చేసినవాళ్ళు ఎవరైనా చెప్పండి ప్లీజ్.

మూడు పిల్లుల ఇల్లు:

అక్కా, నేను చేసిన తప్పులు చెప్తాను, మీరు చేయకుండా ఉంటారు. (అక్కో అన్నో తెలియదు, ఏమీ అనుకోకండి.)

మా పెద్ద పిల్లికి కిడ్నీలు పోయాయి. సాయంత్రం ఏడు గంటలకు అపాయింట్‌మెంట్ ఇచ్చారు, ఆలోచించకుండా సరేనన్నాను. మెహదీపట్నంలో ఏడు గంటలంటే ఎలా ఉంటుందో తెలుసు కదా. ఆటోలో, బుట్టలో పెట్టి, రెండు వైపులా ఆర్టీసీ బస్సుల హారన్లు. అది అరవను కూడా అరవలేదు, నోరు తెరిచి ఆయాసపడుతూ కూర్చుంది, పిల్లి నోరు తెరిచి గాలి పీలుస్తోందంటే ఎంత భయపడిందో పిల్లుల వాళ్ళకు తెలుస్తుంది. అక్కడికెళ్ళాక నలభై నిమిషాలు వెయిటింగ్. ఎదురుగా ఒక జర్మన్ షెపర్డ్, దాని టీకా కోసం వచ్చింది పాపం, ఆగకుండా మొరుగుతూనే ఉంది. ఐదేళ్ళయింది. ఆ సూది నాకు సరిగా గుర్తు కూడా లేదు, ఆ నలభై నిమిషాలు మాత్రం నిమిషం నిమిషం గుర్తుంది.

రెండో పిల్లి అప్పుడు బుద్ధి వచ్చింది. ఫోన్ చేసి విషయం సూటిగా చెప్పాను, పొద్దున క్లినిక్ తెరవకముందు రమ్మన్నారు. బండిలోనే కూర్చున్నాం, డాక్టర్ రెడీ అయ్యాక మిస్డ్ కాల్ ఇచ్చారు, అప్పుడు లోపలికి వెళ్ళాం. బుట్టలో దాని పాత దుప్పటే వేశాను, ఉతకలేదు, ఉతికితే దాని వాసన పోతుంది కదా. బల్ల మీద పెట్టనివ్వలేదు, నా ఒళ్ళోనే.

ఇంకొకటి ఎవరూ చెప్పరు, డబ్బులు ముందే కట్టేయండి. మొదటిసారి అయిపోయాక కౌంటర్ దగ్గర నిలబడి ఫోన్‌లో పిన్ మూడుసార్లు తప్పు కొట్టాను, వెనక క్యూ. తిరుగు ప్రయాణంలో బండి నడపడానికి కూడా వేరే మనిషిని పెట్టుకోండి. మీరు నడపలేరు. నడుపుతాను అనుకుంటారు, నడపలేరు.

రాజేంద్రనగర్ హాస్టల్:

వెటర్నరీ చివరి సంవత్సరం విద్యార్థిని. మీ డాక్టర్ గారు సిరిని చూశారు, నేను చూడలేదు, కాబట్టి నేను చెప్పేవి ఆయన్ని అడగడానికి పనికొచ్చే ప్రశ్నలు మాత్రమే అనుకోండి.

మొదటిది, అన్నిటికంటే ముఖ్యమైనది: "ముందు మత్తు ఇస్తారా, నేరుగా నరానికి ఇస్తారా?" అని అడగండి. మామూలుగా మంచి పద్ధతి ఏమిటంటే, తొడ కండలో ఒక మత్తు సూది, పది పదిహేను నిమిషాల్లో జంతువు గాఢంగా పడుకుంటుంది, ఆ తర్వాత ముందు కాలి నరంలోకి మత్తుమందే చాలా ఎక్కువ మోతాదులో ఇస్తారు. స్పృహ సెకన్లలో పోతుంది, శ్వాస, గుండె కాసేపట్లో ఆగిపోతాయి, డాక్టర్ స్టెతస్కోప్ పెట్టి చూసి చెప్తారు. కొన్ని చోట్ల గుండెను ఆపే పొటాషియం క్లోరైడ్ కూడా వాడతారు, అది పూర్తి మత్తులో ఉన్న జంతువుకే ఇవ్వాలి, మెలకువగా ఉన్నదానికి ఇస్తే నరకం. ఈ ఒక్క విషయంలో మొహమాటపడకండి. అడిగితే విసుక్కునే డాక్టర్ అయితే ఇంకొకరిని చూసుకోండి.

సిరి లాంటి కేసులో రక్తపోటు పడిపోయి ఉంటుంది, నరం దొరకడం కష్టం, రెండు మూడుసార్లు గుచ్చాల్సి రావచ్చు. ముందురోజు సెలైన్ కోసం ఎలాగూ తీసుకెళ్తే క్యాన్యులా (నరంలో పెట్టే సన్న గొట్టం) అలాగే ఉంచమనండి, ఆ రోజు గుచ్చే పని తగ్గుతుంది. కానీ దానికోసమే అదనంగా ఇంకో ట్రిప్ పెట్టుకోవద్దు, మీ బాధంతా ట్రిప్పే కదా.

మాత్ర గురించి. ప్రయాణానికి ముందు గాబరా తగ్గడానికి డాక్టర్లు గాబాపెంటిన్, ట్రాజొడోన్ లాంటివి రాస్తారు, దాదాపు రెండు గంటల ముందు ఇవ్వాలి. అడగండి, మోతాదు మాత్రం ఆయనే చెప్పాలి. మెడికల్ షాపులో మనుషుల గాబాపెంటిన్ సిరప్ తెచ్చి పోయకండి, కొన్నిటిలో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది, అది కుక్కలకు విషం. ఇంట్లో పాత ప్రయాణం మాత్రలు ఏమైనా ఉంటే, ముఖ్యంగా ఏస్‌ప్రొమజీన్, అసలు ముట్టుకోకండి, అది బీపీని ఇంకా దించేస్తుంది, లోపల రక్తం కారుతున్న కుక్కకు ప్రమాదం. నొప్పికి మన ఇంట్లో ఉండే బ్రూఫెన్, డైక్లోఫెనాక్ కూడా వద్దు.

పక్కన ఉండండి. మీ చెయ్యి, మీ గొంతు దానికి తెలిసినవి. కానీ కొన్ని ముందే తెలుసుకుని వెళ్ళండి, లేకపోతే బెదిరిపోతారు: కళ్ళు మూసుకోవు, తెరిచే ఉంటాయి. గుండె ఆగాక కూడా ఒకటి రెండుసార్లు ఊపిరి పీల్చినట్టు ఎగశ్వాస రావచ్చు, కండరాలు అదరొచ్చు, మూత్రం, మలం పోవచ్చు. అప్పటికి దానికి ఏమీ తెలియదు. కింద ఒక డైపర్ షీట్ వేసుకోండి. కొన్ని మత్తు సూదులకు వాంతి వస్తుంది, కాబట్టి ఇష్టమైనది పెట్టినా కొంచెమే పెట్టండి.

పాపకు "నిద్రపుచ్చుతున్నాం" అని మాత్రం చెప్పకండి. మా బంధువుల బాబు ఆ మాట విన్నాక రెండు వారాలు పడుకోనని మారాం చేశాడు, వాడికి ఆపరేషన్ కోసం మత్తు ఇవ్వాల్సి వచ్చినప్పుడు ఇంకా రభస. చచ్చిపోతుంది, నొప్పి లేకుండా చచ్చిపోయేలా డాక్టర్ సాయం చేస్తారు అని చెప్పండి. పిల్లలు మనకంటే సూటిగా అర్థం చేసుకుంటారు.

ఈసీఐఎల్ రిటైర్డ్:

అమ్మా, పెద్దవాణ్ణి, కోపం తెచ్చుకోవద్దు. ప్రాణం పోసింది మనం కాదు, తీయడానికి మనమెవరం? ఇంట్లో దాని చోట దాన్ని పడుకోబెట్టి, తులసి తీర్థం నోట్లో పోసి, పక్కన కూర్చుంటే అదే పోతుంది. మా ఊళ్ళో ఎద్దులు, ఆవులు అలాగే పోయేవి. ఈ బండ్లు, సూదులు, దారి కష్టాలు ఏవీ ఉండవు కదా.

కాప్రా ఆరు కుక్కలు:

అంకుల్, మీ మాట మీద గౌరవంతోనే చెప్తున్నా. నేనూ అలాగే అనుకుని మా డాబర్‌మాన్‌ని ఇంట్లో ఉంచాను. ప్రశాంతంగా పోతుందనుకున్నా. రాత్రి పదకొండుకు మొదలై తెల్లవారుజామున నాలుగున్నర దాకా పట్టింది. తీర్థం పోస్తే మింగలేక పొరమారింది. ఆ రాత్రి పన్నెండు నంబర్లకు ఫోన్ చేశాను, ఎవరూ ఎత్తలేదు, ఎత్తినవాళ్ళు పొద్దున రమ్మన్నారు. నిద్రలోనే పోయే కుక్కలూ ఉంటాయి, మా ముసలి పామరేనియన్ అలాగే పోయింది, కానీ అది మన చేతిలో లేదు. సిరికి ఉన్న జబ్బుకి అది పందెం వేసుకోవడమే.

రాజేంద్రనగర్ హాస్టల్:

అంకుల్ గారికి ఒక్కమాట. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టంలోనే 13వ సెక్షన్ ఉంది, ఇక బతికించి ఉంచడమే క్రూరత్వం అయ్యే స్థితిలో ఉన్న జంతువు గురించి. చట్టం కూడా ఆ సందర్భాన్ని ఊహించింది. ఎప్పుడు అన్నదానికి ఆలిస్ విల్లలోబోస్ అనే అమెరికా వెటర్నరీ డాక్టర్ 2004లో ఒక పట్టిక ఇచ్చారు, నొప్పి, తిండి, నీరు, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డ రోజుల కంటే మంచి రోజులు ఎక్కువున్నాయా అని ఏడు అంశాలు, ఒక్కోదానికి పదికి మార్కులు, మొత్తం 35 దాటితే ఇంకా లాక్కురావచ్చు అని. మార్కులు వేయడం నాకూ నచ్చదు, నిజం చెప్పాలంటే. గోడ క్యాలెండర్‌లో మంచి రోజుకు ఒక చుక్క పెట్టుకుంటూ పోతే చాలు, చుక్కల మధ్య ఖాళీలే చెప్తాయి.

ఈసీఐఎల్ రిటైర్డ్:

సరే తల్లీ. చదివాను. నాగోల్ అమ్మాయి మనసు కష్టపెట్టి ఉంటే క్షమించాలి.

కాప్రా ఆరు కుక్కలు:

ఇప్పుడు మూడో అంతస్తు సంగతి. 31 కిలోల కుక్కను కడుపు కింద చేతులు వేసి ఎత్తకండి, ఇది బాగా గుర్తుపెట్టుకోండి, గడ్డ మీద ఒత్తిడి పడితే దారిలోనే పగలొచ్చు. మందపాటి దుప్పటి రెండు మడతలు వేసి, దాన్ని పక్కకు దొర్లించకుండా మెల్లగా దుప్పటిని కిందికి జరుపుతూ పోవాలి, తర్వాత నలుగురు నాలుగు మూలలు పట్టుకోవాలి, తల వైపు ఉన్నవాళ్ళు దాని కళ్ళకు కనిపించాలి. మీ లిఫ్ట్ చిన్నదైతే మెట్లే నయం, దిగేటప్పుడు తల పై వైపు ఉండాలి. ఒకసారి ముందురోజు ఇరవై ఐదు కిలోల బియ్యం బస్తా పెట్టి దించి చూడండి. నవ్వకండి, మేం చేశాం, మలుపు దగ్గర తిరగదని అప్పుడే తెలిసింది.

బండి ఏసీ ముందే వేసి చల్లబరచండి, సీట్లు మడిచి నేల మీద దాని పరుపు వేయండి. అసలు క్లినిక్ లోపలికి తీసుకెళ్ళాలని ఎక్కడా రాసి లేదు. డిక్కీ తలుపు తెరిచి బండిలోనే చేయమని అడగండి. చాలామంది డాక్టర్లు ఒప్పుకుంటారు, మనం అడగం అంతే. అలా అయితే మీ సిరి ఆ టైల్స్ చూసే పనే ఉండదు. వీధిలోకి తిరిగే చోటు అన్నారు కదా, వెనక సందు నుంచి ఏదైనా వేరే దారి ఉందేమో ముందే స్కూటీ మీద వెళ్ళి చూసి రండి.

తర్వాత ఏం చేయాలో కూడా ఇప్పుడే తేల్చుకోండి. మీ పక్కనే ఫతుల్లాగూడలో జంతువుల దహనవాటిక ఉంది, ముందు ఫోన్ చేసి సమయాలు కనుక్కుని వెళ్ళండి. ఎవరిదో ఖాళీ ప్లాటులో రెండడుగులు తవ్వి పెట్టేద్దాం అని ఎవరైనా సలహా ఇస్తారు, వద్దు. ఆ మందు శరీరంలో ఉండిపోతుంది, వీధి కుక్కలు తవ్వి తింటే అవీ చస్తాయి.

నాగోల్ మూడో అంతస్తు:

అందరికీ చాలా థ్యాంక్స్. అంకుల్, మీ మాటకు నాకేం కోపం లేదు, మా అమ్మ కూడా అదే అంది. మూడు పిల్లుల ఇల్లు, అక్కే. డాక్టర్ గారికి ఫోన్ చేశాను. బండిలోనే చేస్తారట, ఇంత సులువుగా ఒప్పుకుంటారని అనుకోలేదు, "పొద్దున ఆరున్నరకు రండి, షట్టర్ సగమే ఎత్తుతాను" అన్నారు. ముందు మత్తు ఇస్తారట. మాత్ర రాసిచ్చారు. బియ్యం బస్తా కూడా దించి చూశాం, వాచ్‌మన్ విచిత్రంగా చూశాడు.

మూడు పిల్లుల ఇల్లు:

అక్కా, గురువారం రాత్రి తొందరగా పడుకోవడానికి ప్రయత్నించకండి. దాని పక్కనే నేల మీద పడుకోండి.

నాగోల్ మూడో అంతస్తు (ఆదివారం):

ఎలా జరిగిందో చెప్పాలి కదా, ఎవరికైనా పనికొస్తుంది.

నాలుగున్నరకు మాత్ర ఇచ్చాం, వెన్న రాసి. ఆరింటికి మగతగా ఉంది కానీ మమ్మల్ని గుర్తుపడుతోంది. నాన్న, మా ఆయన, నేను, నాలుగో మూలకు వాచ్‌మన్ అనుకున్నాం, అతను ఊరెళ్ళాడు. కిందికి పరుగెత్తితే మండపం దగ్గర రాత్రంతా కాపలా ఉన్న పిల్లలు నలుగురు చాపల మీద పడుకుని ఉన్నారు. ఏమిటని అడిగారు, చెప్పాను. ఇద్దరు పైకి వచ్చారు, మిగతా ఇద్దరు పొద్దుటి పాటలు పెట్టకుండా మైకు ఆపేసి గేటు దగ్గర ఉన్న కుర్చీలన్నీ పక్కకు లాగారు. వాళ్ళు చిన్నప్పుడు క్రికెట్ ఆడుతుంటే సిరి బంతులన్నీ నమిలి పాడుచేసేదట, నాకే తెలియదు. మెట్ల మలుపు దగ్గర నాన్న చెయ్యి జారితే వచ్చినవాళ్ళలో ఒక అబ్బాయే పట్టాడు.

అమ్మ రానంది, బలవంతపెట్టలేదు. గుమ్మంలోనే బొట్టు పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. పాప వస్తానంది, దించేదాకా ఉంది, టాటా చెప్పి పక్కింటికి వెళ్ళింది. చచ్చిపోతుంది అనే చెప్పాం. "మళ్ళీ వస్తదా" అని ఒక్కసారి అడిగింది, రాదు అన్నాను, అంతే, ఆ తర్వాత దాని గిన్నె ఎవరికిస్తారు అని అడిగింది.

ఆ టైముకి రింగు రోడ్డు ఖాళీ, పదిహేను నిమిషాల్లో చేరాం. వెనక సందు నుంచి వెళ్ళాం. క్లినిక్ వీధి అని దానికి తెలిసిందో లేదో, ముక్కు ఒకసారి ఎగరేసింది, వణకలేదు. ఉస్మానియా బిస్కెట్ అర ముక్క నాకింది, తినలేదు. డాక్టర్ గారు తెల్లకోటు వేసుకోకుండా మామూలు చొక్కాలో వచ్చారు, డిక్కీ అంచు మీద కూర్చుని కాసేపు తల నిమిరి అప్పుడు సూది తీశారు. తొడకు గుచ్చినప్పుడు తల ఎత్తి చూసింది, అదొక్కటే. నా చెయ్యి దాని చెవి కింద ఉంది. గురక కూడా పెట్టింది, ఎప్పుడూ పెట్టేదే, దానికి మా ఆయన నవ్వాడు, నేను తిట్టాను, తర్వాత ఇద్దరం నవ్వాం, అక్కడ నవ్వొచ్చా అనిపించింది గానీ. నరం రెండోసారికి దొరికింది, అప్పటికి దానికి తెలియదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. హాస్టల్ చెల్లి ముందే చెప్పకపోయుంటే నేను అరిచేదాన్ని. ఎగశ్వాస ఒకటి వచ్చింది, అప్పుడు కూడా గుండె ఝల్లుమంది, చెప్పినా సరే.

ఫతుల్లాగూడ వెళ్ళొచ్చాం. పది దాటకముందే ఇంటికొచ్చాం. అమ్మ పెరుగన్నం కలిపి గిన్నెలో పెట్టి ఉంచింది, అలవాటు కొద్దీ.

పెద్ద సైజు డైపర్లు ఒక ప్యాకెట్ విప్పనిది, సగం వాడినది ఒకటి, కారు ఎక్కడానికి చేయించిన చెక్క ర్యాంపు ఉన్నాయి. ర్యాంపు నలభై కిలోల దాకా ఆగుతుంది. ఉప్పల్, ఎల్బీ నగర్ వైపు ఎవరికైనా అవసరమైతే ఇక్కడే చెప్పండి, డబ్బులేం వద్దు.

కాప్రా ఆరు కుక్కలు:

ర్యాంపు నాకు కావాలి అక్కా. రెండోదానికి తుంటి నొప్పి మొదలైంది. వచ్చే ఆదివారం వస్తాను, నిమజ్జనం హడావుడి అయిపోయాక.